అన్నం ప్యాకెట్లు పంచుతున్నా క్యూ తగ్గట్లేదంటే: చిన్న ట్రస్ట్ పాలసీ పని ఎక్కడ మొదలుపెట్టాలి

మీ ప్రశ్న ముందు ఒకసారి చెప్పేస్తా, మధ్యలో వచ్చి చదివేవాళ్ళకి కూడా అర్థమవుతుంది. మిర్యాలగూడలో చిన్న రిజిస్టర్డ్ ట్రస్ట్, ప్రతి ఆదివారం స్టేషన్ దగ్గరా మిల్లుల రోడ్డులోనూ భోజనం ప్యాకెట్లు ఇస్తున్నారు, ఏళ్ళు గడిచినా క్యూ తగ్గట్లేదు, ఇంకా పెరుగుతోంది, ఎవరో పెద్దాయన "ఇలా కాదు, పాలసీ అడ్వొకసీ చేయండి" అన్నారు, అది మనలాంటోళ్ళకి చేతనవుతుందా, చేస్తే రాజకీయం అంటారా, రిజిస్ట్రేషన్‌కి ఏమన్నా ఇబ్బందా. నేను ఆహార హక్కు పనిలో చాలా కాలంగా తెలంగాణ, ఏపీ రెండు రాష్ట్రాల్లోనూ తిరుగుతున్నా, కాబట్టి తెలిసింది తెలిసినట్టు రాస్తా, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

చేతనవుతుందండి. నిజం చెప్పాలంటే మీకు ఉన్న అవకాశం హైదరాబాద్‌లో పెద్ద ఆఫీసు పెట్టుకున్న సంస్థలకి లేదు. వాళ్ళు సర్వేకి మనుషుల్ని పెట్టి ఊరూరా తిప్పితే గానీ దొరకని వాళ్ళు, అంటే నిజంగా పూట గడవని వాళ్ళు, ప్రతి వారం వాళ్ళంతట వాళ్ళే వచ్చి మీ ముందు నిలబడుతున్నారు. మీరు అన్నం పెట్టి పంపిస్తున్నారు, బాగుంది, అది ఆపొద్దు. కానీ వాళ్ళు అసలు మీ క్యూలోకి ఎందుకు వచ్చారన్నది మాత్రం ఎవరూ అడగట్లేదు. రాష్ట్రం మొత్తం వడ్లు మర ఆడించే ఊళ్ళలో పేరున్న ఊరు మీది, ఆ ఊళ్ళో మనిషి అన్నం కోసం లైన్లో నిలబడ్డాడంటే బియ్యం లేక కాదు కదా, ఆ బియ్యానికీ ఆ మనిషికీ మధ్య ఏదో కాగితం దగ్గర, ఏదో మెషిన్ దగ్గర, ఏదో రూల్ దగ్గర తెగింది. ఎక్కడ తెగిందో కనిపెట్టి దాన్ని అందరికీ కలిపి అతికించమని ప్రభుత్వాన్ని అడగడమే అడ్వొకసీ.

ఒక రెండువందల పేజీల నోట్‌బుక్ కొనండి. అన్నం పెట్టేముందు ఎవర్నీ ఏమీ అడగొద్దు, తినేశాక ఇష్టమున్న వాళ్ళతో కూర్చోండి, సమాధానం చెప్తేనే ప్యాకెట్ అన్న భావన ఒక్కసారి వచ్చిందంటే మీ మీద నమ్మకం పోతుంది. రేషన్ కార్డు ఉందా, ఏ ఊరి కార్డు, ఇంట్లో ఎంతమంది, కార్డులో ఎంతమంది పేర్లున్నాయి, పోయిన నెల బియ్యం తెచ్చుకున్నారా, తెచ్చుకోకపోతే డీలర్ ఏం చెప్పాడు, ఇంట్లో ఆరేళ్ళలోపు పిల్లలున్నారా, వాళ్ళు అంగన్‌వాడీకి పోతున్నారా. ఇంతే. ఆధార్ నంబర్ రాసుకోవద్దు, దాంతో మీకు పనిలేదు, రేపు ఆ నోట్‌బుక్ ఎవరి చేతిలో పడుతుందో తెలీదు. ఇంకోటి, "డీలర్ ఏం చెప్పాడు" అన్నది వాళ్ళ మాటల్లోనే రాయండి, మీ మాటల్లోకి మార్చొద్దు. "నీ పేరు లిస్టులోంచి పోయింది" అన్నాడా, "వేలు పడట్లేదు రేపు రా" అన్నాడా, "స్టాక్ అయిపోయింది" అన్నాడా, ఈ మూడూ మూడు వేరే జబ్బులు, మూడింటికీ తలుపు తట్టాల్సిన ఆఫీసులు వేరు.

రేషన్ మెషిన్ మీద వేలిముద్ర పడకపోవడం మీరు ఒకసారి షాపులో నిలబడి చూడండి. జీవితమంతా సున్నం, సిమెంటు కలిపిన చేయి, లేదా బీడీలు చుట్టిన చేయి, గీతలు అరిగిపోయుంటాయి. ముసలమ్మ వేలు మెషిన్ మీద పెడుతుంది, ఎర్ర లైటు, కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెడుతుంది, ఇంకో వేలు, ఇంకో చెయ్యి, వెనక లైన్లో వాళ్ళు విసుక్కుంటుంటే ఆమెకి సిగ్గేసి సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోతుంది. ఆధార్ ఇబ్బంది వల్ల ఎవరికీ బియ్యం ఆపొద్దని, వేరే పద్ధతిలో ఇచ్చి రిజిస్టర్‌లో రాసుకోవాలని కేంద్రమే 2017 అక్టోబర్‌లో రాష్ట్రాలకి రాసింది. ఆ రిజిస్టర్ మీ ఏరియా షాపుల్లో ఉందా, అందులో నెలకి ఎన్ని పేర్లు పడుతున్నాయి, ఇది అడగడం మీ మొదటి పాలసీ ప్రశ్న కావచ్చు. ఖాళీ రిజిస్టర్ చాలా మాట్లాడుతుంది.

ఇలా రెండు మూడు నెలలు రాస్తే లెక్క దానంతటదే విడిపోతుంది. బీహార్, ఒడిశా నుంచి వచ్చిన మిల్లు హమాలీలు ఉంటారు, వాళ్ళకి సొంతూళ్ళో కార్డు ఉంటుంది, ఇక్కడ ఏ షాపులోనైనా వాళ్ళ వాటా తీసుకోవచ్చని చాలామందికి తెలీదు, కొన్నిచోట్ల డీలర్‌కీ తెలీదు. కుటుంబంలో కొంత అక్కడ, కొంత ఇక్కడ తీసుకునే వీలు కూడా ఉంది. పెళ్ళయి వేరు పడ్డ కొత్త కాపురాలు ఉంటాయి, పాత కార్డులో పేరు తీయించరు, కొత్తదానికి ఎక్కదు. పుట్టిన పిల్లల పేర్లు ఎక్కని ఇళ్ళుంటాయి, ఐదుగురు తినే ఇంటికి ముగ్గురి బియ్యం. ఒంటరి ఆడవాళ్ళు, వలస తిరిగే కుటుంబాలు, ఏ కాగితమూ లేకుండా పుట్టిన ఊరు కూడా చెప్పలేని ముసలోళ్ళు. ప్రతి గుంపుకీ ఒక రూల్ అడ్డం ఉంటుంది, ఆ రూల్ నంబర్ మీరు పట్టుకోవాలి.

ఇప్పుడు చట్టం సంగతి, ఎందుకంటే దయ చూపించమని అడగడానికీ హక్కు అడగడానికీ మధ్య ఆఫీసులో మీకిచ్చే కుర్చీ కూడా మారిపోతుంది. 2001లో గోదాముల్లో కోట్ల టన్నుల ధాన్యం ముక్కిపోతుంటే రాజస్థాన్‌లో జనం కరువుతో అల్లాడుతున్నారని పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ సుప్రీంకోర్టుకి వెళ్ళింది. అదే ఏడు నవంబర్ 28న కోర్టు ఎనిమిది పథకాల్ని చట్టబద్ధమైన హక్కులుగా చేసింది, ప్రభుత్వ ప్రైమరీ స్కూళ్ళలో వండిన భోజనం పెట్టి తీరాలంది. ఈ రోజు మన పిల్లలు స్కూల్లో వేడన్నం తింటున్నారంటే దాని వెనక ఈ కేసుంది, మన ఉమ్మడి రాష్ట్రంలో 2003లో మొదలైంది కూడా ఆ ఉత్తర్వు తర్వాతే. ఆ ఉత్తర్వులు అమలవుతున్నాయో లేదో చూడ్డానికి కోర్టు 2002లో ఇద్దరు కమిషనర్లని పెట్టింది, ఎన్.సి.సక్సేనా గారు, మన ఎస్.ఆర్.శంకరన్ గారు, ఇద్దరూ రిటైర్డ్ ఐఏఎస్ అధికారులు. వెట్టిచాకిరీ నిర్మూలన కోసం శంకరన్ గారు ఏం చేశారో తెలిసిన తరం ఇప్పుడు తగ్గిపోతోంది, కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఆయన గురించి తప్పకుండా తెలుసుకోవాలి. ఆ కేసు, దాని చుట్టూ దేశమంతా కట్టుకున్న ఆహార హక్కు ప్రచారం, ఆ పన్నెండేళ్ళ ఒత్తిడి కలిసి 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం వచ్చింది. ఒక స్వచ్ఛంద సంస్థ వేసిన పిటిషన్ అక్కడిదాకా వెళ్ళింది.

ఆ చట్టంలో మనిషికి 5 కిలోలు, అంత్యోదయ (కడు పేదల కార్డు) ఇంటికి 35 కిలోలు అన్నది అందరికీ తెలుసు, మన తెలంగాణ మనిషికి 6 కిలోలిస్తోంది, 2025 ఏప్రిల్ నుంచి సన్నబియ్యం ఇస్తోంది. జనానికి తెలియంది చివరి సెక్షన్లు, మీకు పనికొచ్చేవి అవే. 15వ సెక్షన్ కింద ప్రతి జిల్లాకీ ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి, ఆఫీసుల్లో డీజీఆర్వో అంటారు, మన దగ్గర అడిషనల్ కలెక్టర్, ఏపీలో జాయింట్ కలెక్టర్ ఈ బాధ్యత చూస్తారు. ఆయన తీర్పు నచ్చకపోతే 16వ సెక్షన్ కింద రాష్ట్ర ఆహార కమిషన్‌కి అప్పీలు, విచారణ చేసేటప్పుడు కమిషన్‌కి సివిల్ కోర్టు అధికారాలుంటాయి, చెప్పిన ఉపశమనం ఇవ్వని ఉద్యోగికి 5 వేల దాకా జరిమానా వేయొచ్చు. 27 ప్రకారం రేషన్ రికార్డులన్నీ జనం ముందు పెట్టాలి, 28 సోషల్ ఆడిట్, అంటే పథకం ఎలా నడుస్తోందో జనం ముందు తనిఖీ చేయడం, 29 నిఘా పెట్టే విజిలెన్స్ కమిటీలు, షాపు స్థాయిలో కూడా. హక్కున్న మనిషికి బియ్యం అందకపోతే 8వ సెక్షన్ కింద ఆహార భద్రతా భత్యం డబ్బుగా ఇవ్వాలి, దాన్ని అడిగేవాళ్ళే లేరు, అడగండి.

అసలు పనిలో క్రమం ఎలా ఉంటుందంటే, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి పది మందిని తీసుకుని వెళ్ళి పది అర్జీలిస్తారు, మహా అయితే నలుగురికి పని అవుతుంది, అందరూ సంతోషంగా ఇంటికొస్తారు, వచ్చే వారం ఇంకో పది మంది. ఇది సేవ, పాలసీ పని కాదు. అదే పది అర్జీలతో పాటు పదకొండో కాగితం ఒకటి ఇవ్వండి, దాని మీద ఎవరి పేరూ ఉండదు, "మా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఇంతమందికి వేలిముద్ర పడక బియ్యం ఆగింది, ఈ ఈ షాపుల్లో, ఈ ఈ నెలల్లో, 2017 ఆదేశం ప్రకారం ప్రత్యామ్నాయ పద్ధతి అమలు చేస్తూ జిల్లా మొత్తానికి సర్క్యులర్ ఇవ్వండి" అని ఒకే ఒక్క డిమాండ్. రసీదు తీసుకోండి, రసీదు లేని అర్జీ అర్జీ కాదు. నెల తర్వాత దాని మీద ఏం చర్య తీసుకున్నారని ఆర్టీఐ, అంటే సమాచార హక్కు చట్టం కింద అర్జీ, వేయండి. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయిలో ఆర్టీఐకి ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10, 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే అప్పీలు. ఈలోగా మీ దగ్గరికొచ్చిన ప్రతి సమస్య మీదా రేషన్ ఫిర్యాదుల నంబర్ 1967కి ఫోన్ చేసి కంప్లైంట్ నంబర్ రాసుకోండి. ఇవన్నీ చేతిలో ఉంటే డీజీఆర్వో దగ్గరికి, కమిషన్ దగ్గరికి వెళ్ళినప్పుడు "మేం కింద అన్నీ ప్రయత్నించాం" అని చూపించడానికి ఫైల్ ఉంటుంది, ఎక్కువ కేసులు నిలబడేదీ పడిపోయేదీ ఈ ఫైల్ దగ్గరే.

ఇది ఎక్కడిదాకా పోతుందో మన తెలంగాణలోనే చూశాం. సుమారు 19 లక్షల రేషన్ కార్డులు కంప్యూటర్ లెక్కల ఆధారంగా రద్దయ్యాయి, ఇంటికొచ్చి చూసిందీ లేదు, నోటీసిచ్చిందీ లేదు, జనానికి షాపుకెళ్ళాకే తెలిసింది. హైదరాబాద్‌లో ఒక సామాజిక కార్యకర్త దాన్ని పట్టుకుని హైకోర్టుకీ అక్కణ్ణించి సుప్రీంకోర్టుకీ వెళ్తే 2022 ఏప్రిల్ 27న కోర్టు ఆ రద్దయిన కార్డులన్నీ మళ్ళీ క్షేత్రస్థాయిలో వెరిఫై చేయమంది. అక్కడ వాదన నిలబడటానికి కారణం కింద బస్తీల్లో "నా కార్డు ఎందుకు పోయిందో నాకు తెలీదు" అన్న మనుషులు వివరాలతో సహా దొరకడమే. మీ నోట్‌బుక్ అలాంటి పనికొస్తుంది, ఇవాళ కాకపోతే రేపు.

అలాగే కేంద్రం వాటాలో ఎంతమందికి బియ్యం ఇవ్వాలన్న లెక్క ఇప్పటికీ 2011 జనాభా మీదే నడుస్తోంది, తెలంగాణకి 1.91 కోట్ల మంది, ఏపీకి 2.68 కోట్ల మంది, ఆ పైన ఇచ్చేది రాష్ట్రం సొంత ఖర్చు. దీన్ని మార్చడం మీ ఒక్క ట్రస్ట్ పని కాదు, కానీ మీ ఎంపీకి ఒక పేజీ రాసివ్వడం మీ పనే. ప్రతి జిల్లాలో ఎంపీ అధ్యక్షతన దిశ కమిటీ ఉంటుంది, రేషన్, అంగన్‌వాడీ, మధ్యాహ్న భోజనం అన్నీ దాని కిందికొస్తాయి, మూడు నెలలకోసారి కూర్చోవాలి. ఆ మీటింగ్ తేదీ ముందే తెలుసుకుని వారం ముందు నోట్ ఇస్తే చర్చకి వస్తుంది, మీటింగ్ రోజు గేటు దగ్గరిస్తే బ్యాగులోకి పోతుంది.

స్కూల్ భోజనం గురించి కొంచెం ఎక్కువ రాస్తా, బడ్జెట్ అంటే చాలా ట్రస్టులు భయపడతాయి కానీ ఇంతకంటే తేలిగ్గా అర్థమయ్యే బడ్జెట్ ఇంకోటి లేదు. 2025 మే నుంచి కేంద్రం నిర్ణయించిన వంట ఖర్చు ప్రైమరీ పిల్లవాడికి రోజుకి 6 రూపాయల 78 పైసలు, అప్పర్ ప్రైమరీకి 10 రూపాయల 17 పైసలు, ఇది కేంద్రం 60 రాష్ట్రం 40 పంచుకుంటాయి, బియ్యం వేరే ఉచితం, గుడ్డుకి మన రాష్ట్రం విడిగా ఇస్తుంది. 60 మంది ప్రైమరీ పిల్లలున్న బడి తీసుకోండి, రోజుకి 406 రూపాయల 80 పైసలు. దాంట్లో పప్పు, కూరగాయలు, నూనె, ఉప్పూ కారం పోపు సామాను, గ్యాస్ అన్నీ వెళ్ళాలి. మీ ఊరి మార్కెట్లో కిలో కందిపప్పు, కిలో టమాటా, లీటర్ నూనె, సిలిండర్ రేట్లు పక్కన వేసి లెక్క కట్టండి, ఒక ఐదు బడుల్లో వండే అక్కల్ని కూర్చోబెట్టి వాళ్ళు నిజంగా ఎంత కొంటున్నారో రాయండి. వాళ్ళకి బిల్లులు నెలల తరబడి ఆగిన సందర్భాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి, అప్పుడు వాళ్ళు కిరాణా షాపులో ఖాతా రాయించి తెస్తారు, ఖాతా పెరిగేకొద్దీ షాపాయన పప్పు తగ్గిస్తాడు, పప్పు తగ్గేకొద్దీ చారులో నీళ్ళు పెరుగుతాయి, చివరికి అది పిల్లల కంచంలో తేలుతుంది. పేపర్లో మాత్రం "నీళ్ళ చారు, నిర్వాహకుల నిర్లక్ష్యం" అని వస్తుంది, నాకు ఇది చదివినప్పుడల్లా కడుపు మండుతుంది. తప్పు ఎక్కడుందో చూపించే ఒక పేజీ లెక్క మీరు చేయగలిగితే, "బిల్లు ఫలానా తేదీలోపు పడాలి, రేటు కూరగాయల ధరకి తగ్గట్టు ఏటా మార్చాలి" అన్న రెండు డిమాండ్లతో బడ్జెట్ సమావేశాలకి ముందే మీ ఎమ్మెల్యేకి, ప్రతిపక్షంలో ఉన్నవాళ్ళకి కూడా ఇవ్వండి, అసెంబ్లీలో ప్రశ్నగా వేయించండి. ప్రశ్న వేస్తే శాఖ లిఖితంగా జవాబివ్వాలి, ఆ జవాబే తర్వాత మీకు సాక్ష్యం.

అంగన్‌వాడీ విషయంలో ఒకటి గుర్తుపెట్టుకోండి. 2006 డిసెంబర్ 13న సుప్రీంకోర్టు చెప్పింది, ఒక వాడలో ఆరేళ్ళలోపు పిల్లలు 40 మంది ఉండి సెంటర్ లేకపోతే, అక్కడివాళ్ళు అడిగిన మూడు నెలల్లోపు సెంటర్ ఇవ్వాలని. మిల్లుల వెనక షెడ్లలో, ఇటుక బట్టీల దగ్గర పిల్లల్ని లెక్కపెట్టండి, 40 దాటితే తల్లులతో సంతకాలు, వేలిముద్రలు పెట్టించి అర్జీ ఇవ్వండి. తెలంగాణలో ఐదేళ్ళలోపు పిల్లల్లో వయసుకి తగ్గ ఎత్తు లేనివాళ్ళు 33.1 శాతం, ఏపీలో 31.2, ఇది జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత లెక్క. ఆ మూడోవంతు పిల్లలు ఎక్కడుంటారో అర్జీ పట్టుకుని ఆ షెడ్లలోకి వెళ్తే తెలుస్తుంది.

ఇంకో దారి కూడా ఉంది, ముందు మనం చేసి చూపించి తర్వాత చట్టాన్ని అడగడం. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, దళిత మహిళల సంఘాలు 1990లలోనే ఈ పని చేశాయి. బీడు పెట్టిన చెలకల్లో జొన్న వేయడానికి రైతులకి పెట్టుబడి అప్పిచ్చి, తిరిగి గింజల రూపంలో తీసుకుని, ఊళ్ళో ఎవరు ఎంత పేదో ఊరివాళ్ళే కూర్చుని తేల్చుకుని వాళ్ళకి తక్కువ ధరకి జొన్నలిచ్చారు. వరి బియ్యం తప్ప ఇంకోటి తెలియని రేషన్‌కి ఇది బదులు. ఆ అనుభవం చేతిలో పెట్టుకుని చిరుధాన్యాల కోసం దేశవ్యాప్తంగా కొట్లాడారు, చివరికి 2013 చట్టంలో బియ్యం గోధుమలతో పాటు చిరుధాన్యాలకి కూడా చోటు దొరికింది. చదువుకోని ఆడవాళ్ళు నడిపిన గింజల బ్యాంకు ఢిల్లీలో వాదనకి బలమైంది, దీన్నుంచి మనం నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

రాజకీయం అంటారా అన్నదానికి, అంటారు, కొందరు ఎలాగూ అంటారు. చట్టం దృష్టిలో మాత్రం పార్టీకి ఓటేయమని ట్రస్ట్ పేరు మీద ప్రచారం చేయడం వేరు, ప్రభుత్వ పథకం సరిగ్గా అమలు చేయమని అడగడం వేరు. మొదటిది చేయకండి, ట్రస్ట్ బ్యానర్ మీద ఏ నాయకుడి ఫోటో వేయకండి, ఇచ్చే ప్రతి నోట్ అన్ని పార్టీలకీ ఒకేలా ఇవ్వండి. విదేశాల్లో ఉన్న మనవాళ్ళు డబ్బు పంపిస్తామంటే ముందు ఆడిటర్‌ని అడగండి. భారత పౌరసత్వం ఉన్న ఎన్నారై సొంత పొదుపు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం లెక్కలోకి రాదు, విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపితే ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, కిందికొస్తుంది. 2020 సవరణ తర్వాత ఎఫ్‌సీఆర్‌ఏ డబ్బు ఇంకో సంస్థకి బదలాయించడానికి లేదు, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. అదే ఏడు మార్చిలో సుప్రీంకోర్టు ఇంకో మాట కూడా చెప్పింది, రాజకీయ లక్ష్యం లేని సంస్థ ప్రజల సమస్య మీద శాంతియుతంగా నిరసనలో పాల్గొన్నంత మాత్రాన దాన్ని రాజకీయ సంస్థ అనలేమని. నా సలహా మాత్రం, ఈ పనికి అయ్యే జిరాక్సులు, బస్సు చార్జీలు ఊళ్ళో చందాలతోనే నడపండి, ఎవరూ వేలెత్తి చూపించలేరు.

డీలర్‌నీ అంగన్‌వాడీ టీచర్‌నీ శత్రువులుగా చూడొద్దు. ఎవరి కార్డు ఎప్పుడు పోయిందో డీలర్‌కి తెలిసినంత ఎమ్మార్వో ఆఫీసుకి తెలీదు, గుడ్లు ఏ వారం రాలేదో, ఏ సైజువి వచ్చాయో టీచర్‌కి తెలిసినంత ప్రాజెక్ట్ ఆఫీసర్‌కి తెలీదు. వాళ్ళ పేరు బయటికి రాకుండా కాపాడితే వాళ్ళే మీకు చెప్తారు. పేపర్ వాళ్ళతో జాగ్రత్త, వాళ్ళు మంచివాళ్ళు కాదని కాదు, జిల్లా ఎడిషన్‌లో ఒక ముసలమ్మ ఫోటో పడితే సాయంత్రానికి ఆఫీసర్ స్వయంగా వెళ్ళి ఆమెకి బియ్యం బస్తా ఇచ్చి ఇంకో ఫోటో దిగుతారు, ఫైల్ మూసేస్తారు, మిగతా రెండొందల మంది అలాగే ఉంటారు. అందుకే వార్త ఇచ్చినప్పుడు మనిషి బాధతో పాటు మీరు అడుగుతున్న సర్క్యులర్ ఏంటో కూడా అందులో రావాలి, రాయించండి, మనిషి ఒప్పుకుంటేనే ఫోటో.

టైమ్ ఎంత పడుతుందని అడిగితే, జిల్లా సర్క్యులర్ లాంటిది కొన్ని నెలల్లో సాధించొచ్చు, జీవో మారాలంటే ఏడాది రెండేళ్ళు అనుకోండి, చట్టం అంటే పైన చెప్పిన పన్నెండేళ్ళు చూశారుగా. ఆఫీసర్ బదిలీ అయితే మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోవాలి, అందుకే ఫైల్ మీ దగ్గర పక్కాగా ఉండాలి. మొదట ఒక్క సమస్యే తీసుకోండి, మీ ఊరికి నేనైతే హమాలీల రేషన్ తీసుకుంటా, ఎందుకంటే అక్కడ రూల్ ఆల్రెడీ ఉంది, దేశమంతా ఒకే రేషన్ కార్డు అమలు చేయాలని 2021 జూన్‌లో సుప్రీంకోర్టు కూడా గడువు పెట్టి చెప్పింది, కొత్తగా ఎవరూ డబ్బు మంజూరు చేయాల్సిన పనిలేదు, అమలు చేయిస్తే చాలు. మిల్లుల దగ్గర హిందీ వచ్చిన ఒక కుర్రాణ్ణి మీ టీమ్‌లో పెట్టుకోండి.

రెండు నెలల లెక్క రాశాక పేర్లు తీసేసి అంకెలు మాత్రం ఇక్కడ పెట్టండి, ఏ షాపు, ఏ కారణం, ఎంతమంది అని, అర్జీ డ్రాఫ్ట్ నేను రాసిస్తా, ఆర్టీఐ ప్రశ్నలు కూడా.